సుద్దగీతల బస్సు

తిమ్మప్పకు ఉన్న తిక్క ఒక్కటే. కదలని గదిలో ఉంటూ, అది ఏ నిమిషాన్నయినా కదులుతుందన్నట్టు బతుకుతాడు.

ఆ గది దోహాలో, అబూ హమూర్‌లోని ఒక విల్లా గేటు పక్కన ఉంది. సిమెంటు దిమ్మెల గోడలు, పైన కాంక్రీటు కప్పు, కింద పునాది. కట్టిన రోజు నుంచి అంగుళం జరిగిన పాపాన పోలేదు. అయినా తిమ్మప్ప టీ తాగి గ్లాసు కడిగితే, దాన్ని అరలో పెట్టి రబ్బరు పట్టీతో బిగిస్తాడు. చక్కెర డబ్బాకు గొళ్ళెం. ఉప్పు డబ్బాకు గొళ్ళెం. గోడ గడియారానికి పైన ఒక మేకు, కింద ఒక మేకు, అనుమానం కొద్దీ పక్కన ఇంకొక మేకు. పడుకోబోయే ముందు చెప్పులు కూడా మంచం కోడుకు కట్టేస్తాడు. ఎందుకని అడిగిన వాళ్ళందరికీ ఒకటే జవాబు.

"బండి కదులుతాది."

ఈ మాట లోకంలో అందరికంటే ఎక్కువసార్లు విన్నవాడు నాగూర్. ఆ విల్లాలో తిమ్మప్ప డ్రైవరు, నాగూర్ వంటవాడు. ఇద్దరిదీ ఒకే గది. తిమ్మప్పది కదిరి, నాగూర్‌ది రాయచోటి. ఊళ్ళో ఉన్నప్పుడు ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఇక్కడికొచ్చి ఏళ్ళ తరబడి పక్కపక్కన పడుకున్నాక మాత్రం, ఒకరి గురక వినపడకపోతే ఇంకొకరికి నిద్ర పట్టదు. అలాంటి నాగూర్‌కు కూడా అప్పుడప్పుడూ ఆ గ్లాసును రబ్బరు పట్టీలోంచి లాగి తిమ్మప్ప నెత్తిన కొట్టాలనిపించేది.

దీనంతటికీ మూలం ఒక పాత మినీ బస్సు. కదిరిలో ఒక ప్రైవేటు బడి మూతపడితే, దాని బస్సును తిమ్మప్ప తన చెల్లెలు శివకుమారి చేత కొనిపించాడు. అది ఆమె పెరట్లో, మునగచెట్టు పక్కన, కోళ్ళకు కాపురమిచ్చి నిలబడి ఉంది. ఉద్యోగం మానేసి ఇండియాకు పోయాక తిమ్మప్ప ఇల్లు కట్టడట, అద్దెకూ ఉండడట. ఆ బస్సే ఇల్లు.

"దాంట్లోనే వండుకుంటా, దాంట్లోనే పండుకుంటా," అనేవాడు. "పక్కింటోడు నచ్చలేదనుకో, వానితో కొట్లాడేదేముండాది? ఇంటిని స్టార్ట్ చేసి ఇంకో ఊరికి పోతా."

ఈ పిచ్చి అతనికి అంటుకున్నది బాబా దగ్గర. ఇంటి యజమానిని పనివాళ్ళందరూ బాబా అనే పిలుస్తారు. చలికాలం రాగానే బాబా తన క్యారవాన్‌ను సీలైన్ ఎడారి ఇసుకలోకి లాక్కుపోయి, వారాల తరబడి అందులోనే మకాం వేస్తాడు. లాక్కుపోయేది తిమ్మప్ప, వండిపెట్టేది నాగూర్. విల్లాలో అన్ని గదులుండి ఏ గదిలోనూ నవ్వని మనిషి, ఆ చక్రాల డబ్బాలో మోకాళ్ళు మడుచుకుని కూర్చుని పకపకా నవ్వేవాడు. అది చూసి నాగూర్, "ఉన్నోళ్ళ సంబరం," అనుకుని ఊరుకున్నాడు. తిమ్మప్ప ఊరుకోలేదు. ఆ క్యారవాన్‌లోని అరల గొళ్ళేలను ఒక్కొక్కటీ తెరిచి మూసి, తెరిచి మూసి, ప్రేమలో పడ్డాడు.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. శివకుమారి చేత బస్సు కొలతలు తెప్పించుకుని, తమ గది నేలమీద సుద్దముక్కతో అచ్చంగా అంత బస్సు గీశాడు. ఇండియాకు పోయాక అవస్థ పడకుండా, ఇక్కడే ఆ గీతల లోపల బతకడం అలవాటు చేసుకుంటాడట.

బస్సు గదికంటే పొడుగు. కాబట్టి వెనక భాగం గదిలో పడింది. ముందు భాగం, అంటే ఇంజనూ డ్రైవరు సీటూ, గోడ అవతల ముంగిట్లో పడ్డాయి. సాయంత్రం డ్యూటీ అయ్యాక తిమ్మప్ప ఆ డ్రైవరు సీటు చోట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గేటులోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. ఇంట్లో పనిచేసే కడప అమ్మాయి రమీజా పైపు పట్టి ముంగిలి కడిగినప్పుడల్లా ఇంజను కొట్టుకుపోయేది.

"రమీజా! మళ్ళా ఇంజను కడిగేసినావా?"

"ఆయిలు కారతాంటే కడిగినా మామా. సర్వీసింగు చేసినాననుకో!"

తిమ్మప్ప గొణుక్కుంటూ సుద్దముక్క తెచ్చుకుని కొత్త ఇంజను బిగించుకునేవాడు.

గదిలోపలి చిక్కు వేరు. నాగూర్ మంచం గదికి అడ్డంగా ఉంటుంది. ఏసీ గాలి సరిగ్గా మొహాన పడే చోటు అదొక్కటే. అక్కణ్ణుంచి మంచం జరిపేది లేదని నాగూర్ ఎప్పుడో తేల్చేశాడు. తిమ్మప్పేమో కొలత తప్పేది లేదన్నాడు. దాంతో బస్సు గీత ఆ మంచం నడుమ నుంచి పోయింది. నాగూర్ కాళ్ళు బస్సులో, తల రోడ్డు మీద.

"ఏందప్పా ఇది? నేను నిద్రపోతాంటే ఏదన్నా లారీ వచ్చి నా తలకాయ మీద పోతే?"

"కాళ్ళకు చోటిచ్చినా కదన్నా. టికెట్టు కూడా అడగల్యా."

గీతలో ఒకచోట కొంచెం ఖాళీ వదిలాడు. అది తలుపు. లోపలికి రావాలంటే అందులోంచే రావాలి. టీ కెటిల్, పొగాకు డబ్బా, గదిలో ఉన్న ఒకే ఒక్క అద్దం అన్నీ బస్సులోనే ఉన్నాయి. అయినా నాగూర్ ఒక్కరోజు కూడా తలుపులోంచి రాలేదు. పంతం పట్టినట్టు గీత దాటే వచ్చేవాడు.

"గోడలోంచి వస్తాండావన్నా," అని తిమ్మప్ప నొచ్చుకునేవాడు.

"అవును. దయ్యాన్ని. టీ పోయి."

శుక్రవారాలు బర్వా అల్ బరాహా కూలీల క్యాంపు నుంచి గజేందర్ వచ్చేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, సైట్లో ఇనప కడ్డీలు కట్టే పని. మొదటిసారి వచ్చినప్పుడు అరటిపళ్ళ సంచి పట్టుకుని తిన్నగా గీత దాటబోయాడు.

"ఆగు! గోడ!" అని అరిచాడు తిమ్మప్ప.

గజేందర్ ఒక కాలు గాల్లోనే ఆపేశాడు. "ఏ గోడనే? నాకేం కనబడ్తలేదు."

"నీకు కనపడకుంటే గోడ లేనట్టేనా? తలుపు ఆ పక్క ఉండాది. తెరుచుకోని రా. వచ్చి చెప్పులు కట్టేయ్."

"చెప్పులు కట్టేసుడేందే? అవి యాడికి పోతయ్?"

"బండి కదులుతాది," అన్నాడు నాగూర్, తిమ్మప్ప నోరు తెరవకముందే.

గజేందర్ లేని తలుపు తెరిచి, లేని మెట్టెక్కి లోపలికొచ్చాడు. మూలన ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పెట్టె మీద కుదురుగా కూర్చుని టీ అందుకున్నాడు. రెండు గుక్కలు తాగి పెట్టెను తట్టి చూశాడు.

"మంచిగున్నదన్నా ఈ స్టూలు. యాడ కొన్నవ్?"

"కొనల్యా. బాబా పాత క్యారవాన్లోది. స్టూలు కాదది, లెట్రిన్."

గజేందర్ లేచిన ఊపుకి సగం టీ చొక్కా మీద పడింది.

"కూర్చోప్పా, కూర్చో," అన్నాడు తిమ్మప్ప తాపీగా. "ఇంకా ఓపెనింగ్ కాలేదు."

ఆ తలుపుకు మొదటిసారే మర్యాద ఇచ్చిన మనిషి బాబా ఒక్కడే. ఒక సాయంత్రం మర్నాటి ఎయిర్‌పోర్టు డ్యూటీ గురించి చెబుదామని తనే గదికి వచ్చాడు. నేలమీద గీతలు చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. గీత అవతలే నిలబడి, "తీమా, బాబ్ వేన్?" అన్నాడు, తలుపెక్కడ అని. తిమ్మప్ప చూపించాడు. బాబా తెల్లటి అంగీ అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, లేని మెట్టెక్కి, లేని కప్పు తగలకుండా తల వంచి లోపలికొచ్చాడు. వచ్చినవాడు మళ్ళీ వెనక్కి తిరిగి తలుపు వేశాడు కూడా. చుట్టూ చూసి, "గుడ్ కార్," అన్నాడు.

ఆ తరవాత చాలా రోజులు తిమ్మప్ప పాదాలు నేలకు ఆనలేదు. నాగూర్ మాత్రం తల పట్టుకున్నాడు. పిచ్చి అంటుకుంటుందని అతనికి తెలుసు. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్‌కు కూడా అంటుకుంటుందని తెలియదు.

సుద్దగీతలతో ఆగి ఉంటే నాగూర్ ఎలాగో సర్దుకునేవాడే. తిమ్మప్ప గదికున్న కుళాయిని కట్టిపెట్టి, ఒక డబ్బాకు చిన్న కుళాయి బిగించి, రోజంతా అందులో పట్టినన్ని నీళ్ళతోనే గడపాలన్నాడు. అంట్లు తోమిన నీళ్ళతో చేతులు, చేతులు కడిగిన నీళ్ళతో నేల. "ట్యాంకు ఖాళీ అయితే నడిరోడ్డులో ఎవురు పోస్తారు?" అనేవాడు, ముంగిట్లో రమీజా పైపు ధారాళంగా పారుతుండగా. మంచం కింద ఒక గోలీ వదిలి, అది దొర్లితే బండి వాలిందని మంచం కోడు కింద అట్టముక్క పెట్టేవాడు. బరువైనవి కింద, తేలికైనవి పైన ఉండాలని బియ్యం మూటను దించి, నాగూర్ దుప్పటిని అటక ఎక్కించాడు. అర్ధరాత్రి చలేస్తే నాగూర్ బియ్యం కప్పుకోవాలన్నమాట.

ఒక ఎండాకాలం మధ్యాహ్నమైతే మరీ దారుణం. బస్సులో ఏసీ ఉండదు కదా అని ఏసీ ఆపేసి, బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను పెట్టాడు. బయట దోహా ఎండ. లోపల నాగూర్ మూకుడు మూసిన కోడిలాగా ఉడికాడు.

"తిమ్మప్పా," అన్నాడు కళ్ళు మూసుకునే.

"ఏమన్నా?"

"దమ్ముకు పెట్టినావు సరే. ఉప్పూ కారం కూడా చల్లు. సాయంత్రానికి బాబాకు వడ్డించొచ్చు."

"ఓర్చుకోన్నా. పరీక్ష."

"ఈ పరీక్షలు ఎప్పటికయిపోతాయి నీకు?"

"ఇంకొకటి మిగిలింది."

ఇది తిమ్మప్ప రెండో మాట. అటక బిగింపు అయిపోయిందా అంటే ఇంకొకటి మిగిలింది. కిటికీ తెరలు అయిపోయాయా అంటే ఇంకొకటి మిగిలింది. అతని పెళ్ళి కూడా అలాగే తప్పిపోయిందని నాగూర్‌కు తెలుసు. వయసులో ఉండగా ఒక సంబంధం కుదిరిందట. పిల్ల వచ్చేలోపు ఇంటిని సిద్ధం చేస్తానని కూర్చున్నాడట. ముందు కప్పు ఎత్తించాడు. తరవాత స్నానాల గది గోడ. తరవాత గాలి బాగా రావడం లేదని కిటికీ మార్చాడు. కిటికీ మార్చాక వంటిల్లు చీకటైంది. పిల్ల తరపువాళ్ళు కబురు పెట్టినప్పుడల్లా ఇంకొకటి మిగిలిందనేవాడు. చివరికి వాళ్ళు విసిగి పిల్లను పుట్టపర్తిలో ఇచ్చారు. తిమ్మప్ప ఆ పెళ్ళికి వెళ్ళి, షామియానా తాళ్ళు వదులుగా ఉన్నాయని అన్నీ బిగించి, భోంచేసి వచ్చాడు.

అందువల్ల నాగూర్‌కు ఒక భరోసా. ఈ మనిషి ఏర్పాట్లు ఈ జన్మకు పూర్తికావు, ఇతను ఎక్కడికీ పోడు. ముందు తనే పోవాల్సి వస్తుందని మాత్రం నాగూర్ అనుకోలేదు.

ఆ చలికాలం సీలైన్‌లో ఒకరోజు భోజనాలయ్యాక బాబా నాగూర్‌ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు. ఈ చలికాలం పోగానే విల్లా వదిలేస్తున్నారు. లుసైల్‌లో పెద్దకొడుకు ఫ్లాటు పక్కనే ఇంకో ఫ్లాటు తీసుకున్నారు. వంట కొడుకు ఇంటి నుంచే వస్తుంది. డ్రైవరు కావాలి, వంటవాడు అక్కర్లేదు. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి బాబా చాలాసేపు ఇసుక గీకాడు.

"మాఫీ ముష్కిల్ బాబా," అన్నాడు నాగూర్. ఫరవాలేదన్నాడు గానీ, ఫరవా ఉంది.

రాయచోటిలో నాగూర్ కట్టించిన ఇల్లుంది. భార్య పెళ్ళైన కొత్తలోనే పోయింది. పిల్లల్లేరు. ఖాళీగా ఎందుకని తమ్ముడు బాషాను అందులో ఉంచాడు. బాషాకు కొడుకులు పుట్టారు, కొడుకులకు పెళ్ళిళ్ళయ్యాయి, వాళ్ళకు పిల్లలు పుట్టారు. ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఇల్లు నిండిపోయింది, అంతే.

"రా అన్నా, నీ ఇల్లే కదా," అన్నాడు బాషా, నాగూర్ విల్లాకు తిరిగొచ్చి గదిలోంచి ఫోన్ చేసినప్పుడు, మనస్ఫూర్తిగానే. "హాల్లో సర్దుకుందాం. టీవీ ఆపినాక పండుకోవచ్చు."

వెనక నుంచి అతని భార్య సబ్రీన్ గొంతు వినపడింది. "హాల్లో ఎట్ల? పిల్లోళ్ళ సైకిళ్ళు యాడ పెట్టేది?"

"సైకిళ్ళు బయట పెడదాం లే."

"బయట వానకు తడిస్తే?"

నాగూర్ ఫోన్ పెట్టేశాడు. తనకూ సైకిళ్ళకూ ఒకే చోటు దగ్గర పోటీ వచ్చిందనీ, సైకిళ్ళే గెలిచేలా ఉన్నాయనీ అర్థమైంది. అయితే ఈ సంగతి తిమ్మప్పకు తెలియడం అతనికి ఇష్టం లేదు. సుద్దగీతలతో ఇల్లు కట్టుకునేవాడి ముందు, సొంత ఇల్లుండీ నిలవ నీడ లేదని ఎలా చెప్పుకుంటాడు?

"నీకేమన్నా, అదృష్టవంతుడివి," అన్నాడు తిమ్మప్ప ఆ సాయంత్రం. "పోయేపాటికి ఇల్లు రెడీగా ఉండాది."

"అవును. మేడమీద గది. నాకోసమే కట్టించినాడు మా బాషా."

"కిటికీ యా పక్క?"

"తూర్పు. గాలి దండిగా వస్తాది."

తిమ్మప్ప తలూపి, చక్కెర డబ్బా గొళ్ళెం సరిచూసుకున్నాడు.

ఆ రోజు నుంచి అతని తిక్క ముదిరింది. ఒక మధ్యాహ్నం నాగూర్ కునుకు తీస్తుండగా కాళ్ళ దగ్గర చల్లగా ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే, తిమ్మప్ప మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, మడమ నుంచి నెత్తి దాకా కొలత టేపు సాగదీస్తున్నాడు.

"యా అల్లా!" అని నాగూర్ లేచి కూర్చున్నాడు. "కఫన్ గుడ్డకు కొలుస్తాండావా? ఇంకా చావల్యా నేను!"

"ఛఛ! లుంగీ కొందామని."

"లుంగీకి నెత్తిదాకా కొలత ఎందుకు? నెత్తిన కట్టుకుంటానా?"

"మంచి లుంగీ అన్నా," అని తిమ్మప్ప టేపు చుట్టేసి బయటికి జారుకున్నాడు.

ఇంకోరోజు నెయ్యి డబ్బా బోర్లించి ఎక్కమన్నాడు. తరవాత ఒక ఇటుక, తరవాత రెండు ఇటుకలు. నాగూర్ కుడి మోకాలు అరిగిపోయి చాలాకాలమైంది. ఎక్కినప్పుడల్లా తిమ్మప్ప అతని కాలు వైపు కాక మొహం వైపు చూసేవాడు.

"నొప్పేసిందా?"

"వేసింది."

"ఇప్పుడు?"

"కొంచెం. ఏందిరా ఇది, సర్కస్‌లో ఏనుగునా నేను?"

"నా బస్సుకు మెట్టు ఎంతెత్తు పెట్టాలో చూసుకుంటాండా. నా మోకాలు బాగుండాది కదా, నాకు తెల్దు."

వీటికి తోడు ఒక దిక్సూచి కొన్నాడు. గుండ్రంగా, బొత్తామంత, లోపల ముల్లుతో. దాన్ని చేతిలో పెట్టుకుని గదంతా గిరగిరా తిరిగేవాడు.

"నడిసముద్రంలో పోతాండాదా నీ బస్సు?" అన్నాడు నాగూర్. "ఫోన్లో మ్యాపు లేదా?"

"చార్జింగ్ అయిపోతే?"

నాగూర్ వాదించలేదు. అతనికి వాదించే ఓపిక తగ్గిపోతోంది. టికెట్టు రోజు దగ్గరపడుతోంది. తిమ్మప్ప ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. ఎప్పుడు చూసినా ఆ మేడమీది గది గురించే.

"కిటికీ తూర్పైతే పొద్దున్నే ఎండ మొహాన పడదా అన్నా?"

"యాడ పడుతుంది? కిటికీ పడమర కదా."

"మెట్లు బయట నుంచా, లోపల నుంచా?"

"లోపల నుంచే. వానొచ్చినా తడవను."

రెండ్రోజులు పోయాక మళ్ళీ అడిగితే, మెట్లు బయటికి వచ్చాయి. ఇంకోరోజు కిటికీ ఉత్తరానికి తిరిగింది. కొలత అంటే ప్రాణమిచ్చే తిమ్మప్ప ఇవన్నీ వింటూ తలూపుతూ వచ్చాడు. చివరికి ఒక సాయంత్రం నాగూర్ గీత దాటి వచ్చి టీ పోసుకుంటూ, దక్షిణం కిటికీలోంచి మసీదు కనపడుతుందని చెబుతుండగా, అతను చేతిలోని గ్లాసుకు రబ్బరు పట్టీ వేసి నెమ్మదిగా అన్నాడు.

"అన్నా. నన్ను అందరూ నవ్వుతారు, కదలని గదిని కదులుతాదంటానని. నా గది యాడికీ పోల్యా. గోడలున్నాయి, పునాది ఉండాది. కదులుతాండేది నీ గది."

నాగూర్ టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. కోపం వచ్చింది. ఏం చెప్పాలో తెలియనప్పుడు అతనికి వచ్చేది అదే.

"నా గది సంగతి నీకెందుకురా? పోయి గొళ్ళేలు బిగించుకో పో! నువ్వూ పోవు, నీ బస్సూ కదలదు. చచ్చేదాకా ఇంకొకటి మిగిలిందని సుద్దముక్క అరగదీస్తానే ఉంటావు!"

తిమ్మప్ప పోయి నిజంగానే గొళ్ళేలు బిగించుకున్నాడు. నాగూర్ ఆ తరవాత అతనితో మాట్లాడడం మానేశాడు. పులుసులో ఉప్పెక్కువైందని గజేందర్ చెప్పినా వినిపించుకోలేదు. తల రోడ్డు మీద, కాళ్ళు బస్సులో పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

వారం తిరగకముందే రమీజా చున్నీ ఎగిరిపోయేలా వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"చాచా! తిమ్మప్ప మామ బాబా దగ్గరికి పోయి ఖలాస్ అని చెప్పేసినాడంట! లుసైల్‌కు రాడంట. నీ టికెట్టు రోజే తనకూ టికెట్టు కావాలన్నాడంట. ఏర్పాట్లన్నీ అయిపోయినాయంట!"

నాగూర్ చేతిలో గరిటె ఆగింది. "ఏమి అయిపోయినాయి?"

"ఏర్పాట్లు."

"వానంతట వాడే అన్నాడా ఆ మాట? వాని నోటితోనే?"

"బాబా కూడా నమ్మకుండా రెండుసార్లు అడిగినాడంట చాచా."

నాగూర్ పొయ్యి ఆపేసి, చెయ్యి తుడుచుకోకుండానే గదికి నడిచాడు.

తిమ్మప్ప నేలమీద వంగి ఉన్నాడు. ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చేతిలో సుద్దముక్క. నాగూర్ మంచం నడుమ నుంచి పోయే గీత చెరిగిపోయింది. కొత్తగీత కొంచెం పక్కకు జరిగి, తలగడ వైపు నుంచి చుట్టి, మంచం మొత్తాన్ని బస్సులోకి తీసుకుంది. కొలత తప్పేది లేదన్న మనిషి బస్సునే వెడల్పు చేశాడు. అరలో, రబ్బరు పట్టీతో బిగించి పెట్టిన ఫోన్లోంచి ఒక ఆడమనిషి గట్టిగా మాట్లాడుతోంది.

"నాగూరన్న వచ్చినాడా? అన్నా, నేను శివకుమారిని! ఇట్ల చూడు, నీ మంచం!"

ఫోన్లో బస్సు లోపలి భాగం ఊగుతూ కనిపించింది. ఒక గళ్ళ చొక్కా మనిషి స్క్రూలు బిగిస్తున్నాడు.

"జలాలుద్దీన్ మేస్త్రీ బిగిస్తాండాడు. వెడల్పు చాలకుంటే కిటికీ కింద డబ్బా మాదిరి బయటికి పెంచినాడు. నువ్వు కాళ్ళు చాపితే తగలవులే, పొడుగు కొలిచి పంపినాడు మాయన్న. ఈ మెట్టు చూడు. ఇంత పొట్టి మెట్టు యా బస్సుకూ పెట్టల్యా, పసిపిల్లోడు ఎక్కుతాడా అని మేస్త్రీ ఒకటే నవ్వు. ఇంగ ముందర ఈడ గుండ్రంగా చోటు వదిలినాము. దిక్సూచికంట. బండి యా పక్క తిరిగినా నీ నమాజుకు దిక్కు తెలియాలంట. అన్నీ బాగానే ఉండాయి కానీ, నా కోళ్ళను యాడ పెట్టుకోవాలో ఒక్కరూ చెప్పరు!"

నాగూర్ ఆ మెట్టును చూశాడు. మంచాన్ని చూశాడు. తిమ్మప్పను చూశాడు. తిమ్మప్ప మాత్రం లేని మరక ఒకటి శ్రద్ధగా తుడుస్తున్నాడు.

"లుంగీ కొంటానంటివే," అన్నాడు నాగూర్.

"అది కూడా కొంటాలే."

"నన్నడగకుండా నాకు మంచం బిగిస్తావా?"

"అడిగితే మేడమీద గది ఉండాదంటావు. దానికి యా పక్క కిటికీ అని మళ్ళా అడగల్ల. నీకు దిక్కులు అయిపోయినాయి కదన్నా."

నాగూర్‌కు నవ్వు తన్నుకొచ్చింది. బలవంతాన మింగాడు. "బస్సులో నేనేం చేస్తా? నీ గోలీ దొర్లుతాండాదా లేదా అని చూస్తా కూర్చోల్నా?"

"వంట చేస్తావు. సంతలుండాయి, తిరునాళ్ళుండాయి, ఉరుసులుండాయి. బండి ఆగిన చోటల్లా నువ్వు వండు, నేను గిన్నెలు కడుగుతా. మీ బాషా ఇంటిముందర కూడా ఆపుదాం. పిల్లోళ్ళు సైకిళ్ళు తొక్కుతాంటే చూస్తా కూర్చుందువు."

సైకిళ్ళ సంగతి ఇతనికెలా తెలిసిందని నాగూర్ అడగలేదు. ఒకే గదిలో ఇన్నేళ్ళు ఫోన్లు మాట్లాడాక అడగడానికేముంది.

"అయితే ఏర్పాట్లు నిజంగా అయిపోయినాయా?"

తిమ్మప్ప సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "ఇంకొకటి మిగిలింది."

"అనుకున్నా!"

"వంటోడు తలుపులోంచి రావాల."

నాగూర్ అలవాటు ప్రకారం గీత దాటడానికి అప్పటికే కాలెత్తి ఉన్నాడు. ఆ కాలు గాల్లోనే ఆగింది. మెల్లిగా దించాడు. గీత పక్కనుంచే నడుచుకుంటూ చుట్టూ తిరిగి, ఖాళీ వదిలిన చోటికి వెళ్ళి నిలబడ్డాడు. నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేశాడు.

"ఎవురు?" అన్నాడు తిమ్మప్ప, మొహం చాలా మామూలుగా పెట్టి.

"వంటోణ్ణి."

"తోసుకోని రా అన్నా. గొళ్ళెం తీసే ఉండాది."

నాగూర్ లుంగీ అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, లేని మెట్టెక్కాడు. మోకాలు నొప్పెయ్యలేదు. తల వంచి లోపలికొచ్చి, వెనక్కి తిరిగి తలుపు వేశాడు. తన మంచం మీద కూర్చుని, ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి కోడుకు కట్టేశాడు.

"అన్నా, కోళ్ళు!" అని ఫోన్లో శివకుమారి ఇంకా అరుస్తూనే ఉంది. ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. గోడ అవతల ముంగిట్లో రమీజా పైపు తిప్పిన చప్పుడు వినపడింది.

"ఆగు రమీజా! ఇంజను!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.